వేడిని కొలిచిన మనిషి – గియోం

కారు ఇంజను వేడెక్కిందంటే అందులోని ప్రతి లోహపు ముక్కా కాస్త సాగుతుంది. మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ నూరు డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అల్యూమినియమైతే దాదాపు దానికి రెట్టింపు. ఇంతేనా అనిపిస్తుంది గానీ, బిగించిన బోల్టుల మధ్య సాగడానికి చోటు లేకపోతే, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ బ్రాకెట్టు నలిగి, చివరికి పగులుతుంది. ఆ 'కాస్త'ను కొలవడానికే జీవితం ధారపోసిన శాస్త్రజ్ఞుడు షార్ల్ ఎద్వార్ గియోం.

ఆయన 1861లో స్విట్జర్లాండులోని ఫ్లరియేలో, గడియారాలు చేసే కుటుంబంలో జన్మించారు. జూరిచ్‌లో చదువుకుని, 1883లో పారిస్ దగ్గర సెవ్ర్‌లోని అంతర్జాతీయ తూనికలు, కొలతల కార్యాలయంలో చేరారు. ఆ రోజుల్లో మీటరు ప్రమాణపు కడ్డీలు ప్లాటినం, ఇరిడియంలతో చేసేవారు. వాటి ఖరీదు అందరికీ అందేది కాదు. చవగ్గా దొరుకుతూ, వేడికి సాగని లోహం కావాలి. నికెల్, ఇనుము పాళ్ళు మార్చిన మిశ్రమాలను ఒక్కొక్కటే వేడిచేసి ఓపిగ్గా కొలుస్తూ పోయారు గియోం. 1896లో, నూటికి 36 పాళ్ళు నికెల్ ఉన్న మిశ్రమం ఉక్కులో పదోవంతు మాత్రమే సాగుతుందని తేలింది. అదే ఇన్వార్. వేడికి పరమాణువులు ఎడమవుతుంటే, అదే వేడికి అయస్కాంత గుణం తగ్గి లోహం ముడుచుకోజూస్తుంది. దాంతో రెండూ చెల్లుకు చెల్లు.

అసలు విచిత్రం తర్వాత జరిగింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఇన్వార్ పొడవు తనంతట తానే రవ్వంత మారుతోంది. దాన్ని కొలిచి లోకానికి చెప్పిందీ గియోమే. అంటే, ఏ మీటరు కోసం వెతికారో దానికే అది పనికిరాలేదన్నమాట! కానీ గడియారాల లోలకాలకూ, భూమిని కొలిచే తీగలకూ అదే దిక్కయింది. 1920లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దశాబ్దంలోనే కార్ల అల్యూమినియం పిస్టన్లు ఉబ్బి సిలిండరులో పట్టేయకుండా వాటిలో ఇన్వార్ పట్టీలు పోతపోశారు. 1915 నుంచి 1936 దాకా ఆ కార్యాలయానికి డైరెక్టరుగా ఉన్న గియోం 1938లో కన్నుమూశారు.

ఎగ్జాస్టు పక్కనుండే బ్రాకెట్టుకు మాత్రం ఇన్వార్ అక్కరకు రాదు. రెండు వందల డిగ్రీలు దాటితే అదీ మామూలు లోహంలాగే సాగుతుంది. అక్కడ బోల్టు కన్నాన్ని కోలగా తీసి, సాగేందుకు చోటు వదలాల్సిందే. వర్క్‌షాపులో అలాంటి కోల కన్నం కనిపిస్తే పనివాడి చెయ్యి జారిందనుకోకండి. అది వేడికి లెక్కగట్టి ఇచ్చిన దారి.