చంద్రుడిపై బండికి బాట వేసిన బెక్కర్

తొలకరి వానకు నల్లరేగడిలో దిగబడిన బండిని ఒక్కసారైనా తోయనివారు మన వర్క్‌షాపు మిత్రులలో అరుదు. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ చక్రం ఇంకా లోతుకు పోతుంది. లోపం ఇంజనులో లేదు, నేల పట్టు ఇవ్వలేదు. అందరికీ తెలిసిన ఈ సంగతిని ఒక శాస్త్రంగా తీర్చిదిద్దిన ఇంజనీరు మెచిస్వావ్ బెక్కర్.

ఆయన 1905లో పోలండులో జన్మించారు. 1929లో వార్సాలో ఇంజనీరింగు పట్టా పొంది, సైన్యం వాహనాలపై పరిశోధన చేశారు. 1939లో జర్మనీ దండెత్తడంతో కన్నదేశం విడిచి ఫ్రాన్సు చేరారు. అక్కడా నిలవలేక 1942లో కెనడా వెళ్ళారు. 1956లో అమెరికాకు మారారు. దేశాలు మారినా పని మారలేదు. బురద, మంచు, ఇసుక, ఏ నేల అయినా ముందు దాన్ని కొలవాలి, ఆ తరువాతే బండి గీయాలి అన్నది ఆయన పట్టు. లోహపు బిళ్ళలను నేలలోకి నొక్కి ఎంత బరువుకు ఎంత దిగుతుందో, మట్టి ఎప్పుడు జారుతుందో లెక్కగట్టారు.

1961లో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో చేరాక ఆయన దృష్టి చంద్రుడి నేలపైకి మళ్ళింది. ఆయన సిద్ధాంతాల పునాదిపై, హంగరీ నుంచి వచ్చిన ఇంజనీరు ఫెరెంక్ పావ్లిక్స్ తదితరులు చంద్రవాహనాన్ని రూపొందించారు. 1969 అక్టోబరులో బోయింగ్ సంస్థకు కాంట్రాక్టు దక్కింది. చక్రాలు, మోటార్లు జనరల్ మోటార్స్ వంతు. గడువు 17 నెలలే.

గాలి లేనిచోట పెట్రోలు మండదు కనుక బండి బ్యాటరీలతో నడిచింది. 36 వోల్టుల బ్యాటరీలు రెండు, ఒకటి చెడితే రెండోది చాలు. ప్రతి చక్రానికీ పావు గుర్రపు శక్తి మోటారు విడిగా ఉంది. టైరు, ట్యూబు లేవు. జింకు పూత పూసిన ఉక్కు తీగెలతో అల్లిన చక్రాలు, వాటికి టైటానియం పట్టీలు. స్టీరింగు చక్రానికి బదులు రెండు సీట్ల నడుమ ఒక చేతిపిడి. ముందుకు నెడితే నడక, పక్కకు వంచితే మలుపు, వెనక్కు లాగితే బ్రేకు. సుమారు 210 కిలోల బండి 490 కిలోలు మోసేది.

1971 జూలై 31న అపోలో 15 యాత్రికులు బండి దింపగానే ముందు స్టీరింగు పనిచేయలేదు. వెనుక చక్రాలకు వేరే స్టీరింగు ఉంది కాబట్టి ఆ రోజు దానితోనే తిరిగి వచ్చారు. మర్నాడు ముందుది కూడా పనిచేసింది. 1972 డిసెంబరులో అపోలో 17 బండికి మడ్‌గార్డు విరిగితే, నాలుగు పటాలు టేపుతో అతికించి బిగించుకుని ముందుకు సాగారు. మూడు యాత్రలలో మూడు బండ్లు కలిసి సుమారు 90 కిలోమీటర్లు తిరిగాయి. ఆ మూడూ నేటికీ అక్కడే ఉన్నాయి.

తొలి బండి చంద్రుడిపై కదిలేనాటికి బెక్కర్ వయస్సు 66. మనలో చాలామంది 58కే చార్జి అప్పగించి ఇంటికి వచ్చినవాళ్ళం. నిలువ నీడ కోల్పోయి నాలుగు దేశాలు తిరిగిన ఆయన, నేర్చిన విద్యను మాత్రం ఎక్కడా వదులుకోలేదు. 1989 జనవరి 8న కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో కన్నుమూశారు. మన చేతిలోని పనితనానికి కూడా పదవీ విరమణ లేదని ఆయన జీవితం గుర్తు చేస్తోంది.