బరంపురము న్యాయవాది – రాజ్యపాల పదవి: శ్రీ వి.వి. గిరిగారు

గంజాం జిల్లా బరంపురమున న్యాయవాది యగు వరాహగిరి జోగయ్య పంతులుగారి కుమారులై శ్రీ వెంకటగిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన జన్మించిరి. 1913లో డబ్లిన్ నగరమున కేగి న్యాయశాస్త్ర మభ్యసించి, అచటి స్వాతంత్ర్యోద్యమముచే ప్రభావితులై 1916లో స్వదేశమునకు మరలిరి. న్యాయవాదిగా నిలదొక్కుకొనుచున్న కాలముననే గాంధీజీ పిలుపు నందుకొని ఆ వృత్తిని త్యజించిరి.

వృత్తిని వీడినను, కార్మికుల పక్షమున వాదించుటయే వారి జీవితకార్య మయ్యెను. 1928లో బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వము వహించిరి. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని ఓడించి, రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రియైరి. తగాదాలు ఉభయపక్షముల సంప్రదింపులచేతనే పరిష్కృతము కావలెనని వారి దృఢవిశ్వాసము.

1952లో పాతపట్నమునుండి లోకసభకు ఎన్నికై కేంద్ర కార్మికమంత్రియైరి. బ్యాంకు ఉద్యోగుల వేతనములపై ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము వారికి నష్టము కలుగునట్లు సవరింపగా, ఆ నిర్ణయమునకు బాధ్యులుగా నుండ నొల్లక 1954లో రాజీనామా నిచ్చిరి. వేతన నిర్ణయములకై ఎదురుచూచు మనవంటి ఉద్యోగులకు ఈ ఘట్టము సదా స్మరణీయము.

1957 మొదలు 1967 వరకు వరుసగా ఉత్తర ప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగా నుండిరి. 1964లో కేరళ మంత్రివర్గము పతనము కాగా, రాష్ట్రపతి పాలనలో ఆ రాష్ట్ర పరిపాలనాభారము వారిపై బడెను. పిదప ఉపరాష్ట్రపతియై, 1969లో రాష్ట్రపతి పదవి నధిష్ఠించిరి. 1975లో భారతరత్న బిరుదము నందిరి. 1980 జూన్ 24న మద్రాసునందు దివంగతులైరి.

పెక్కు ఉన్నత పదవుల నలంకరించిన ఆ తెలుగు మహనీయుని జీవితమున, స్వయముగా విడిచిన పదవియే మనకు మిక్కిలి ఆదర్శప్రాయము.