ఓటు విస్తరణకు సాక్షి.. గుండుగొలను బిడ్డ పట్టాభి

భీమడోలు: శాసనసభలకు ప్రజలు ఓటు వేయడమన్నదే లేని రోజుల్లో జన్మించి, వయోజనులందరికీ ఓటు కల్పించిన రాజ్యాంగ సభలో సభ్యునిగా కూర్చున్న నేత డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య. 1880 నవంబర్ 24న గుండుగొలనులో పేద కుటుంబంలో ఆయన జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. ఏలూరులో పాఠశాల విద్య, మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి మచిలీపట్నంలో వైద్యునిగా స్థిరపడ్డారు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపనలో ప్రధాన పాత్ర వహించారు. స్వాతంత్య్రోద్యమం కోసం వైద్యవృత్తిని త్యజించారు.

శిస్తు కట్టేవారికే ఓటు

1919 చట్టం కింద ఓటుకు భూమిశిస్తు, ఆదాయపు పన్ను వంటివే కొలమానాలు. మద్రాసు రాష్ట్రంలో 1921లో మహిళలకూ ఓటు లభించినా, ఆస్తి అర్హత తప్పలేదు. 1935 చట్టం తర్వాత దేశంలో ఓటర్లు 3 కోట్లు దాటారు. అయినా కొల్లేటి జాలరులు, కౌలుదారులు, కూలీల్లో అత్యధికులు జాబితా వెలుపలే మిగిలారు. సంస్థానాల ప్రజల స్థితి మరింత దయనీయం. చాలా చోట్ల ఎన్నికైన సభలే లేవు. అక్కడ బాధ్యతాయుత ప్రభుత్వం కోసం అఖిల భారత సంస్థాన ప్రజా పరిషత్తు నాయకునిగా పట్టాభి కృషి చేశారు.

203 ఓట్ల తేడాతో ఓటమి

1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి గాంధీజీ మద్దతుతో పోటీచేసిన పట్టాభికి 1377 ఓట్లు రాగా, సుభాష్ చంద్రబోస్ 1580 ఓట్లతో విజయం సాధించారు. ఆ పరాజయాన్ని గాంధీజీ తనదిగానే భావించారు. 1942లో అరెస్టయిన పట్టాభి అహ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు నిర్బంధంలో గడిపారు. 1948లో మళ్లీ పోటీచేసి, పురుషోత్తమదాస్ టాండన్‌పై గెలిచి కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు.

అందరికీ ఒకే ఓటు

1946లో ఏర్పడిన రాజ్యాంగ సభకు రాష్ట్రాల సభ్యులను ఎన్నుకున్నవి పరిమిత ఓటుతో ఏర్పడిన శాసనసభలే. అయినా ఆ సభ ఆస్తి, చదువు, కులం, లింగ భేదాలకు తావివ్వలేదు. 326వ అధికరణం ద్వారా 21 ఏళ్లు నిండిన ప్రతి పౌరునికీ ఓటు ప్రకటించింది. నూటికి 80 మందికి పైగా చదువురాని దేశంలో అది సాహసోపేత నిర్ణయం. అందుకే 1951-52 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి గుర్తుతో కూడిన వేర్వేరు పెట్టెలు ఉంచారు. ఓటర్ల సంఖ్య 17.32 కోట్లకు చేరింది.

అప్పటికి పట్టాభి వయసు 71 ఏళ్లు. ద్విసభ్య స్థానమైన ఏలూరు నుంచి 1952లో కొండ్రు సుబ్బారావు, బయ్యా సూర్యనారాయణమూర్తి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అందులో ఒక స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేసినది. 1957లో ఏలూరు ఓటర్లు మోతే వేదకుమారిని గెలిపించి మహిళను పార్లమెంటుకు పంపారు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన పట్టాభి 1959 డిసెంబర్ 17న కన్నుమూశారు. ఆయన మరణించిన 30 ఏళ్లకు, 1989లో ఓటు వయసు 21 నుంచి 18 ఏళ్లకు తగ్గింది.