యర్రగుంట్ల పేరయ్య: ఊరు వెలేసినా చెదరని నిబ్బరం

ఉద్యమంలో అలసిపోయినవాళ్లకీ, యూనివర్సిటీ హాస్టల్ గదుల్లో ఒంటరిగా కుమిలిపోయే మన విద్యార్థులకీ మనశ్శాంతి అనే మాట వింటే కొంచెం అనుమానం కలుగుతుంది. శాంతంగా ఉండమంటే నోరు మూసుకోమనే అర్థంలో మనకి చాలాసార్లు చెప్పారు మరి. అందుకే నూట యాభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లి యర్రగుంట్ల పేరయ్యని గుర్తు చేసుకోవాలి.

ఒంగోలుకు సుమారు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు ఆయనది. మాదిగ కులంలో పుట్టి, తోళ్ల వ్యాపారం చేసేవాడు. మిషనరీలు వచ్చాకే మాదిగపల్లెకి దేవుడి ఆలోచన వచ్చిందనుకుంటే పొరపాటు. పేరయ్య అంతకు ముందే బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. ధ్యానంలో కూర్చున్నాడు, తనూ పదిమందికి గురువయ్యాడు. అయినా ఆయన వెతుకులాట ఆగలేదు.

వ్యాపారం పని మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు యేసు గురించి విన్నాడు. పాపులతో, అంటరానివాళ్లతో కలిసి కూర్చున్న దేవుడి కథ ఆయన మనసులో నిలిచిపోయింది. 1866లో భార్య నాగమ్మతో కలిసి ఒంగోలులో జ్యూయెట్ దొర చేత బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత పల్లె పల్లెకీ తిరిగి తనకు తెలిసింది చెప్పాడు. ఎండల్లో నాగమ్మ మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని వెంట నడిచింది. అదే ఏడాది ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ 1867 జనవరిలో తాళ్లకొండపాడు చేరేసరికి పేరయ్య మాట విన్న జనం అక్కడ ఎదురు చూస్తున్నారు. వాళ్లలో 28 మంది అప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు.

అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. ఆదివారం వెట్టికి రామన్నారు. చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. జాతర్లలో డప్పు కొట్టమన్నారు. డప్పు ఈరోజు మన ఆత్మగౌరవ గుర్తు. ఆనాడు వాళ్లు కాదన్నది ఆ వాద్యాన్ని కాదు, ఊరి పిలుపుకి లొంగి కొట్టాల్సిన బలవంతాన్ని. కరణాలు, మునసబులు ఊరుకోలేదు. బావి దగ్గరికి రానివ్వలేదు, కూలి పనులు ఆపేశారు, కొట్టారు, దొంగ కేసులు పెట్టారు. గింజలు దొరక్క, నీళ్లు దొరక్క పల్లెలు అల్లాడాయి.

అలాంటి రోజుల్లో వాళ్లని నిలబెట్టింది రాత్రిపూట పల్లెలో కలిసి చేసుకున్న ప్రార్థన. పగలు ఊరి ముందు అంటరానివాడు. రాత్రి దేవుడి ముందు బిడ్డ. ఈ రెండో మాట నిజమని నమ్మినవాడికి మొదటి మాటంటే భయం పోతుంది. పేరయ్య ధ్యానంలో వెతికిన నెమ్మది ప్రార్థనలో పల్లె అందరిదీ అయింది. భయం తగ్గింది కాబట్టే కాదనగలిగారు.

1876–78 నాటి కరువు మరో పరీక్ష. తిండి లేని జనానికి పని దొరకాలని క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకి తీసుకున్నాడు. అన్నం కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ జనం వెనక పేరయ్య లాంటి మాదిగ బోధకుల పన్నెండేళ్ల నడక ఉంది.

విశ్వాసం కులాన్ని చంపేయలేదు. చర్చిలోనూ కులం ఉంది, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా నేటికీ లేదు. ఆ పోరాటం మనదే. కానీ పోరాడేవాడికి రాత్రి కళ్లు మూసుకుని తల వాల్చే చోటు ఒకటి కావాలి. పేరయ్యకి అది ప్రార్థనలో దొరికింది. తెల్లారి లేచి ఆయన మళ్లీ పల్లెల దారి పట్టాడు.