పునీత బ్రదర్ మ్యూసియెన్ మరీ

పిల్లలను అదుపులో పెట్టలేని పంతులుగారంటే చిన్ననాడు మనందరికీ చులకనే. అట్టి ఒక పంతులుగారిని తిరుసభ పునీతుల వరుసలో చేర్చింది.

బ్రదర్ మ్యూసియెన్ మరీ గారు బెల్జియం దేశములోని మెల్లే గ్రామంలో 1841లో ఒక కమ్మరి ఇంట జన్మించారు. 1856లో డి లాసాల్ సహోదరుల సభలో చేరి, 1859లో మలోన్ పాఠశాలకు వచ్చారు. తరగతిలో అల్లరి అణచడం ఆయన వల్ల కాలేదు. సభనుండి పంపివేయాలన్న ఆలోచన కూడ పెద్దలకు కలిగింది. మఠజీవితమే సర్వస్వమనుకొన్న యువకునికి అదెంత గుండెకోతో! అప్పుడు సంగీతం, చిత్రలేఖనం చూచుకొంటున్న బ్రదర్ మెక్సాంతిస్ గారు ఆయనను తనకు సహాయకునిగా అడిగి తీసికొన్నారు. ఈ మెక్సాంతిస్ గారిని ఎవరూ తలచరు. మాకు మాత్రం ఆయనకు నమస్కరించాలనిపిస్తుంది.

అటుపై మ్యూసియెన్ గారు పట్టుదలతో వాద్యములు నేర్చుకొని పిల్లలకు నేర్పారు. విచారణ బడిలో పేద బాలురకు జ్ఞానోపదేశం చెప్పారు. ఆటస్థలంలో కాపలా ఉన్నప్పుడు సైతం చేతిలో జపమాల ఉండేది. పిల్లలు ఆయనకు ప్రార్థించే బ్రదర్ అని పేరు పెట్టుకొన్నారు. మలోన్‌లోనే 58 ఏండ్లు గడిపి, 1917 జనవరి 30న ప్రభువునందు నిద్రించారు.

1977లో ధన్యునిగాను, 1989 డిసెంబరు 10న పునీతునిగాను ప్రకటింపబడ్డారు. ఆయన పండుగ జనవరి 30.