బిషప్ అజరయ్య గారు - వద్దన్న సీట్లు, ఇచ్చిన అవకాశాలు

తెలుగు సంఘాలలో బిషప్ అజరయ్య గారి పేరు వినని వారు అరుదు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అనీ, దోర్నకల్ దేవాలయం కట్టించిన వారనీ సండేస్కూలు పిల్లలు కూడా చెబుతారు. అయితే చట్టసభల సీట్ల విషయంలో ఆయన తీసుకొన్న నిర్ణయం కొద్దిమందికే తెలుసు. కాలేజీ అడ్మిషన్ కోసం కుల సర్టిఫికెట్ పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగే మన కుటుంబాల వారు దానిని తెలుసుకోవడం అవసరం.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళైలో జన్మించారు. తండ్రి పల్లెటూరి సంఘ కాపరి. వారిది నాడార్ కులం. ఆ కాలంలో ఆ కులస్థులకు గుడి ప్రవేశం లేదు. కట్టుకొనే బట్ట విషయంలో కూడా పోరాడవలసి వచ్చింది. తండ్రి చిన్నతనంలోనే గతించగా తల్లి భక్తితోను, క్రమశిక్షణతోను పెంచింది. మిషను బడి చదువు ఆయనను మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చేర్చింది. డిగ్రీ చేతికి రాకపోయినా 1895లో వై.ఎం.సి.ఎ. సేవలో ప్రవేశించారు.

దేశీయులే సువార్తికులై వెళ్ళాలని 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు పాటుపడ్డారు. ఇతరులను పంపి తాను ఇంట కూర్చోవడం న్యాయం కాదని తోచి, 1909లో అభిషేకం పొంది, నిజాం రాజ్యంలోని దోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకొన్నారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు ఆయనను బిషప్‌గా ప్రతిపాదించినప్పుడు అభ్యంతరం చెప్పిన దొరలూ ఉన్నారు, మన దేశస్థులూ ఉన్నారు. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అభిషేకం జరిగింది. మూసిన తలుపును ఒకరు తెరచి పట్టుకొంటేనే ఆయన లోపలికి రాగలిగారన్న సంగతి మనం మరువకూడదు.

తనకు తెరచిన తలుపును ఆయన ఇతరులకు తెరచి ఉంచారు. ఆయన మంద ఎక్కువగా మాల మాదిగ పల్లెలలోని కూలి జనం. అక్షరం దిద్దనివ్వని వారి బిడ్డలను బడిలో కూర్చోబెట్టారు. ఉపదేశులుగా, గ్రామోపాధ్యాయులుగా, గురువులుగా తీర్చిదిద్దారు. ఆయన సతీమణి అన్బు అమ్మగారు స్త్రీల మధ్య పాటుపడ్డారు. మాలలు, మాదిగలు వేరు వేరు పంక్తులుగా ఉండక ఒకే బల్లయొద్దకు రావాలని బిషప్ గారు పట్టుపట్టారు. ఆయన కాలంలోనే ఆ అధ్యక్ష మండలంలోని విశ్వాసులు 2 లక్షలు దాటారు.

1932 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించి, భారతీయ క్రైస్తవులకు కూడా ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. క్రైస్తవులు క్రైస్తవులకే ఓటు వేయాలన్నమాట. సంతోషించిన క్రైస్తవ నాయకులు లేకపోలేదు. అజరయ్య గారు మాత్రం వ్యతిరేకించారు. సంఘం ఓట్ల లెక్కగా మారితే క్రీస్తు శరీరమనే స్వభావం పోతుందని ఆయన భయం. ప్రతి బాప్తిస్మమునూ పొరుగువారు రాజకీయ లాభంగా అనుమానిస్తారని కూడా తలచారు. అయినను 1935 చట్టం ప్రకారం మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో 8 భారతీయ క్రైస్తవులకు ఏర్పడ్డాయి. ఆస్తి, పన్ను, చదువు చూసి ఓటు ఇచ్చే ఆ రోజులలో పల్లె కూలీలలో అనేకులకు ఆ ఓటే లేదు.

అదే కాలంలో మరొక సంగతి జరిగింది. 1932 సెప్టెంబరు పూనా ఒడంబడిక వలన అణగారిన కులాలకు ఉమ్మడి నియోజకవర్గాలలో సీట్లు రిజర్వు అయ్యాయి. అయితే 1936 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు భారతీయ క్రైస్తవులను ఆ జాబితా నుండి వేరుచేసింది. బాప్తిస్మము పొందిన మాలకు, మాదిగకు ఊరి బావి దగ్గర అవమానం తప్పలేదు. రిజర్వుడు సీటు మాత్రం తప్పిపోయింది.

బిషప్ గారు 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. తరువాత 1949లో రాజ్యాంగ సభ మత మైనారిటీలకు సీట్ల రిజర్వేషన్ తీసివేసింది. క్రైస్తవ నాయకులు దానిని సమ్మతించారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాలను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డు తెగల విషయంలో ఇట్టి మత నిబంధన లేదు. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్రైస్తవులైన షెడ్యూల్డు కులాల వారిని వెనుకబడిన తరగతులలో సి గ్రూపుగా చేర్చి 1 శాతం ఇచ్చింది.

బిషప్ గారే వద్దన్నారు గదా, ఇంకెందుకు అడగటం అని కొందరు అంటారు. ఇది సరికాదని నా మనవి. ఆయన వద్దన్నది సంఘానికి రాజకీయ బలం. పేదవాడి బిడ్డకు అవకాశం కాదు. దానిని ఆయన జీవితమంతా వెదకి వెదకి ఇచ్చారు. కులం వలన నష్టపోయినవాడు ఆ నష్టానికి పరిహారం అడగటం, సంఘం తన కొరకు సీటు అడగటం ఒకటి కావు.

అయితే ప్రభుత్వాన్ని అడిగే నోటితో మనలను మనమూ ప్రశ్నించుకోవాలి. మన హాస్టళ్ళలో, మన బడుల ఉద్యోగాలలో, మన కమిటీలలో పల్లె చివరి ఇంటి బిడ్డకు చోటు ఉన్నదా? లేక ముందు వచ్చిన కుటుంబాలే తలుపు దగ్గర నిలుచున్నాయా? అజరయ్య గారి పటము గోడకు తగిలించుకొన్న ప్రతి సంఘమూ ఈ ప్రశ్నకు ప్రభువు ఎదుట జవాబు చెప్పుకోవలసి ఉన్నది. అట్టి జవాబు చెప్పగల కృపను ఆయన మనకు దయచేయును గాక.