చిలకమర్తి కవిగారు, వారి నాటక మిత్రులు

మన గ్రంథాలయపు నమోదు పుస్తకములో మొదటి సంఖ్య గల గ్రంథము ఏదియని అడిగినచో నేటి యువకులలో పెక్కురు రామాయణమనియో భాగవతమనియో చెప్పుదురు. అది రామాయణమును కాదు, భాగవతమును కాదు. అట్టలు ఊడి, రెండుమారులు దారముతో కుట్టబడి, బీరువాలో క్రింది వరుసయందు ఒదిగియున్న గయోపాఖ్యాన నాటకము. ఆ ప్రతి మనకెట్లు వచ్చినదో తుదను చెప్పెదను. ముందుగా దానిని రచించిన మహనీయుని చరిత్రమును నాకు తెలిసినంతవరకు పాఠకులకు విన్నవించుట న్యాయము. నేను లెక్కలు వ్రాసికొను వాడనేగాని పండితుడను కాను. ప్రాచీన కావ్యములను దీపము ముందు కూర్చుండి స్వయముగా చదువుకొన్న కొలదిపాటి జ్ఞానమే నాకున్నది. తప్పులున్న పెద్దలు మన్నింతురుగాక.

చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన గోదావరి సీమలోని ఖండవల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి వెంకన్న గారు, తల్లి వెంకటరత్నమ్మ గారు. వారి బాల్యము వీరవాసరమునందు గడచినది. నరసాపురమున ఆంగ్ల విద్య నభ్యసించి, పిమ్మట రాజమహేంద్రవరము చేరిరి. ఆ పట్టణమే వారికి జీవితాంతమును కర్మభూమి యయ్యెను.

చిన్ననాటనుండియు వారికి చూపు తక్కువ. అందులో రేచీకటి. ఆ వ్యాధి గలవారికి ప్రొద్దు క్రుంకినది మొదలు లోకమంతయు మూసికొనిపోవును. దీపపు వెలుతురు వారికి చాలదు. పదిమంది నడుచు త్రోవయందైనను ఒకరు చేయి పట్టుకొననిదే అడుగు సాగదు. ఇట్టి బాలుడు పెరిగి పెద్దవాడై రాత్రివేళ ఆడు నాటకములకే తన ప్రతిభనంతయు ధారవోసెనని తలచుకొన్నప్పుడు నాకెల్లప్పుడును ఆశ్చర్యము కలుగుచుండును. తాను కల్పించిన కృష్ణార్జునులు కిరీటములు ధరించి రంగస్థలముపై నిలువగా చూచినవారు వేలకొలది జనులు. వారిని కల్పించిన కవికి మాత్రము ఆ భాగ్యము మిక్కిలి కొలదియే.

ఆ కాలపు నాటకముల స్థితి యెట్టిదో కొంత తెలియవలెను. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజమువారు మన సర్కారు జిల్లాలకు వచ్చి తమ భాషలో ఆటలాడిరి. తెరలు, వేషములు, పాటలు చూచి మనవారు ముగ్ధులైరి. ఇవి తెలుగున ఏల యుండరాదను ఊహ పుట్టినది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచేత ఆ 1880లోనే తెలుగు నాటకమాడించిరి. బందరున, గుంటూరున, బళ్ళారియందు కూడ పూనిక కలిగినది. వీరిలో అధికులు నటనచే జీవించువారు కారు. బడిపంతుళ్ళు, కచేరీ గుమాస్తాలు, వకీళ్ళు, చదువుకొను పిల్లలు. పగలు ఉద్యోగము, రాత్రి పద్యము.

అట్టివారిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ముఖ్యులు. వీరు ఒంగోలు మిషన్ పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండి పిమ్మట రాజమహేంద్రవరమునకు వచ్చిరి. నాటకమనిన ప్రాణము. ఒంగోలునుండి వచ్చునప్పుడు తమ శిష్యుడైన ఒక పేద బాలుని వెంటబెట్టుకొని వచ్చిరి. ఆ బాలుని తల్లి పూటకూళ్ళయిల్లు నడపి బిడ్డలను పోషించుకొనుచుండెడిది. అతని పరీక్షకు మూడు రూపాయలు కట్టవలసివచ్చినప్పుడు తన పట్టుచీర తాకట్టు పెట్టిన తల్లి ఆమె. ఆ బాలుడే టంగుటూరి ప్రకాశం. నాయుడుగారు వానికి అన్నము పెట్టిరి, చదువు చెప్పించిరి, వేషమును కట్టించిరి. నాడు స్త్రీ వేషములను పురుషులే ధరించుట ఆచారము. గొంతును రూపమును గల బాలుడగుటచే ప్రకాశమునకు తొలుత ఆడవేషములే లభించినవి. పగలు పాఠశాలలో పలక పట్టిన చేతికే రాత్రి గాజులు.

సమాజమున్నది, నటులున్నారు. కాని ఆడుటకు మంచి తెలుగు నాటకములేవీ? అప్పుడు నాయుడుగారి దృష్టి చిలకమర్తివారిపై పడినది. కవిగారికి అప్పటికి నిండ ఇరువదిరెండేండ్లు లేవు. బడిపంతులుగా జీవనము ప్రారంభించు దినములవి. నాయుడుగారి ప్రోత్సాహముచే 1889లో కీచకవధ వెలువడినది. ద్రౌపదీపరిణయము, శ్రీరామజననము, పారిజాతాపహరణము, నలనాటకము, సీతాకల్యాణము దాని తరువాత వచ్చినవి. తొలినాటి నాటకములు వచనముననే నడచినవి. ప్రేక్షకులకు రాగముతో పాడిన పద్యముమీద మక్కువ యెక్కువయని గ్రహించి పిమ్మట పద్యములు చేర్చిరి.

ఇచ్చట పాఠకులు గమనింపదగిన విషయమొకటి కలదు. కవి యొంటరిగా గదిలో కూర్చుండి వ్రాసి ముగించిన గ్రంథములు కావివి. ఎదుట నటులున్నారు. ఎవని గొంతు ఎంతవరకు లేచునో, ఎవనికి దీర్ఘ సమాసము నోట తిరుగదో కవికి తెలియును. కన్నులకన్న చెవులు పదునైనవాడగుటచే ఆయనకది మరింత బాగుగ తెలిసియుండవలె. అందుచేతనే వారి పద్యములు చదువురాని వారికిని ఒక్కమారు వినగానే నోటికి వచ్చును. ఆ సులభత్వము చూచి అల్పమని తలచిన పండితులు కలరు. నన్నయ తిక్కనలను అక్షరమక్షరము కూడబలుకుకొని చదివిన నేను మాత్రము అట్లు తలపజాలను. కఠినముగా వ్రాయుటకు నిఘంటువు చాలును, సులభముగా వ్రాయుటకు వినువాని హృదయము తెలియవలెను.

ఈ నాటకములన్నిటిలో తలమానికము గయోపాఖ్యానము. కథ మీరెల్లరు నెరిగినదే. శ్రీకృష్ణుడు యమునలో నిలిచి సూర్యునకు అర్ఘ్యమిచ్చు సమయమున గయుడను గంధర్వుడు విమానములో పోవుచు ఉమిసిన తమ్ములము వచ్చి ఆయన దోసిట పడును. వానిని చంపుదునని కృష్ణుడు ప్రతినబూనును. గయుడు పోయి అర్జునుని శరణువేడును. అపకారి యెవరికి అపకారము చేసెనో తెలిసికొనకయే అర్జునుడు అభయమిచ్చును. తెలిసిన పిమ్మట ఏమున్నది? ఒకవైపు ప్రాణస్నేహితుడు, బావమరది, దైవము. వేరొకవైపు ఇచ్చిన మాట. సుభద్ర అన్నయొద్దకు పోయి బ్రతిమాలును. ఎవరును వెనుదీయరు. ఇద్దరు స్నేహితులు విల్లులెక్కుపెట్టి ఎదురెదుర నిలుతురు. తుదకు శివుడు వచ్చి మాన్పవలసి వచ్చును.

ఈ నాటకములో ప్రకాశం గారు అర్జునుని వేషము వేయుచుండిరి. గయోపాఖ్యానము తెలుగు దేశమంతట ఆడబడినది. లక్ష ప్రతులు అమ్ముడుపోయినవని ప్రతీతి. తెలుగు పుస్తకములలో అట్టి భాగ్యము పొందినవి వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. 1963లో శ్రీకృష్ణార్జునయుద్ధమను పేర వెండితెరపై ఆ కథ వచ్చినప్పుడు మన పెద్దలు బండ్లు కట్టుకొనిపోయి చూచిరట.

కవిగారి జీవితము నాటకములతో ముగియలేదు. న్యాపతి సుబ్బారావు పంతులుగారి చింతామణి పత్రిక జరపిన పోటీలో 1894లో రామచంద్రవిజయమను నవలకు బహుమానము లభించినది. హేమలత, అహల్యాబాయి, కర్పూరమంజరి తరువాత వచ్చినవి. గణపతి నవలను చదివి నవ్వని తెలుగువాడుండడు. ఆ నవ్వు వెనుక తండ్రిలేని పిల్లల ఆకలి కనిపించుచునేయుండును. మిత్రులకు నవ్వు పుట్టించుటకై పకోడీపై పద్యములు చెప్పిన సరసుడాయన. మనోరమ, దేశమాత అను పత్రికలను నడపిరి. 1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించినప్పుడు వారి ఆంగ్లమును తెలుగు చేసి సభకు వినిపించిన వారు చిలకమర్తివారే. ఆ సందర్భమున ఆశువుగా చెప్పిన పద్యము దేశమంతట ప్రాకి బడిపిల్లల నోళ్ళలో నానినది. 1909లో అస్పృశ్యులుగా త్రోసివేయబడిన పిల్లలకొరకు రామమోహన పాఠశాలను స్థాపించిరి. ఆ దినములలో అట్టి పని చేసిన వానికి సొంతవారినుండి కలుగు అగౌరవమెంతటిదో గ్రామములలో పుట్టిన మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతలో పగటి చూపుకూడ క్రమముగా పోయినది. అక్షరమే ఆధారముగా గల వానికి అక్షరము కనబడకపోవుట కన్న పెద్ద విపత్తు ఏమున్నది? అయినను పని ఆగలేదు. ఇతరులు చదువగా విని, తాము చెప్పుచు ఇతరులచేత వ్రాయించి, భాసుని నాటకములను తెలిగించిరి. తమ స్వీయచరిత్రమును సైతము అట్లే చెప్పి వ్రాయించిరి. ఆంగ్లకవి మిల్టనుతో పోల్చి ఆంధ్ర మిల్టనని లోకము వారిని పిలిచినది. 1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించిరి. చూపులేని కవికి తుదివరకు తోడైనది మనుష్యుల కంఠస్వరము, పట్టుకొని నడిపించిన చేయి.

నేను లెక్కలవాడను గనుక తేదీలు ప్రక్కప్రక్కన వేసి చూచుట అలవాటు. 1946 ఏప్రిల్ 30వ తేదీన టంగుటూరి ప్రకాశం గారు మదరాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యైరి. అదే సంవత్సరము జూను 17వ తేదీన చిలకమర్తివారు కీర్తిశేషులైరి. నడుమ రెండు నెలలైనను లేవు. ఒకనాడు ఆడవేషముతో రంగమెక్కిన పూటకూళ్ళయింటి బాలుడు రాష్ట్రమునేలు పదవికి వచ్చెనన్న వార్త ఆ నాటకకర్త చెవినిబడి యుండును. పడియున్నచో ఆ వృద్ధుని మనస్సు ఏ దీపముల వెలుగులో ఏ తెరముందు నిలిచియుండునో మనము ఊహించుకొనవలసినదే. ప్రకాశం గారు 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియై, 1957 మే 20వ తేదీన పరమపదించిరి.

ఇక మన మొదటి సంఖ్య ప్రతి మాట. ఈ గ్రంథాలయమునకు గోడలు లేవని, చందాలు చాలవని, మన యూరివారు గయోపాఖ్యానమాడి టిక్కెట్లు పెట్టవలెనని నిశ్చయించిన దినమున ఈ ప్రతి కొనబడినది. కృష్ణునికి తగిన గొంతు ఊరిలో ఒకరిదే, అర్జునునికి తగిన రూపము వేరొకరిదే. వారిరువురు బాల్యస్నేహితులు. కాని కాలువ నీటి వంతు దగ్గర మాటపట్టింపు వచ్చి ఏడాదిగా ఎదురుపడినను ముఖములు త్రిప్పుకొని పోవుచుండిరి. పేరులు వ్రాయను. పెద్దలకు తెలియును, పిన్నలకు అవసరము లేదు.

పుస్తకమొక్కటే. ఒకరు చదివిన పిమ్మట వేరొకరికి పోవలెను. తాముగా ఇచ్చుకొనరు గనుక దానిని ఈ వీధినుండి ఆ వీధికి మోయు పని నాకు పడినది. తెర వెనుకనుండి పద్యము అందించువాడనుకూడ నేనే. ఆటనాటి రాత్రి వారు ఎదురెదుర నిలిచి ఒకరినొకరు నిందించు పద్యములు పాడుచుండగా సభ యంతయు నిశ్శబ్దమైనది. అది వేషముల కలహమా, మనుష్యుల కలహమా యని నాకే సందేహము కలిగినది. అర్జునుడు ఒకచోట మాట మరచి నిలిచిపోయెను. నేను అందించులోపలనే కృష్ణుడు పెదవి కదపి అందించెను. అది నేను తప్ప వేరెవరును చూడలేదు.

వారిని కలుపుటకు శివుడు కైలాసమునుండి రాలేదు. తెల్లవారుజామున ముఖములకు రాసికొన్న అర్దళము కొబ్బరినూనెతో తుడుచుకొనుచుండగా ఒకరు వేరొకరిని చుట్టకు నిప్పడిగిరి. అవతలివారు ఇచ్చిరి. అంతే. నీటి వంతు తీరుటకు ఇంక రెండేండ్లు పట్టినదిగాని, ఆనాటినుండి మాటలు మాత్రము ఆగలేదు. ఇద్దరును నేడు లేరు. వారు సంపాదించిపెట్టిన సొమ్ముతో లేచిన గోడలమధ్యనే మనము రజతోత్సవము జరుపుకొనుచున్నాము.

కవి కన్నులు చీకటినుండియు వేలమందికి వెలుగు చూపినవి. స్నేహితులు కలిసి చేసిన పని స్నేహితులు గతించిన పిమ్మటను నిలుచునని ఆ జీవితము చెప్పుచున్నది. చందాదారులారా, ఆ పుస్తకమును ఒకమారైన ఇంటికి గొనిపోయి చదువుడు. పుటలు జీర్ణమైనవి గనుక మెల్లగా త్రిప్పుడు. చదివి, గడువులోపల తిరిగి ఇచ్చుడు. శుభమస్తు.